దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు
ఔషధ వాణిజ్యము – దానధర్మము

శ్రీ విష్ణు సహస్రనామములను నిత్యము పారాయణము చేయు గృహములలో వైద్యుడనియు, ఔషధమనియు, భేషజమనియు, భిషక్కనియు నాలుగు నామములు ప్రతిదినము చెవిని పడుచుండును. వ్యాధిని పోగొట్టువాడును ఆతడే, పోగొట్టు మందును ఆతడే యని వాని తాత్పర్యము. క్షీరసాగరమును మథించినప్పుడు అమృతకలశమును చేత ధరించి ధన్వంతరియై వెలువడినవాడును ఆ శ్రీమన్నారాయణుడే. కావుననే మన పెద్దలు మందు మ్రింగునప్పుడు భగవన్నామమును స్మరించుట ఆచారముగా పెట్టుకొనిరి. సన్నిధిలో మనకు లభించు తీర్థమునందలి తులసి, పచ్చకర్పూరము, ఏలకులు వైద్యశాస్త్రమున గూడ చోటు గలవియే.

అయితే ఇచ్చట ఒక సందేహము కలుగును. ఔషధము భగవద్విభూతి యైనచో దానిని అంగడిలో పెట్టి వెలకు అమ్ముట యుక్తమా? చరకసంహితలో రసాయనములను వివరించిన పిదప ఆచార్యుడు ఈ విషయమున గట్టిమాట చెప్పినాడు. ధనమునకు గాని, ఇతర కోరికలకు గాని గాక, భూతదయతో చికిత్స చేయువాడే ఉత్తముడనియు, బ్రతుకుతెరువునకై చికిత్సను సరకువలె అమ్ముకొనువాడు బంగారపు రాశిని విడిచి ధూళిరాశిని సేవించువాడనియు ఆ మాటల సారము.

నేను పాఠశాలలో చదువుకొను దినములలో మా గురువుగారు ప్రసంగవశమున ఈ సంగతిని చెప్పిరి. ఆ పాఠశాల గూటిలో దీపపు కుందికి ప్రక్కన ఒక చిన్న సీసా ఎల్లప్పుడు ఉండెడిది. అందు పసుపువన్నె లేపనము. తెల్లవారుజామున వల్లెవేయుటకు కూర్చుండిన పిల్లలలో ఎవనికైన తలనొప్పి వచ్చినను, పడిసెము పట్టినను వంటయింటి పెద్దమ్మగారు ఆ సీసామూత తీసి, గోటితో రవ్వంత తీసి నుదుట రాసెడివారు. ఆ ఘాటునకు కన్నులు చెమ్మగిల్లెడివి, నొప్పి తగ్గెడిది. గురువుగారు చెప్పిన మాట విన్ననాడు నా చూపు ఆ సీసాపై పడెను. దీనిని చేసి అమ్మినవారు ధూళిని సేవించినవారేనా యని బాలుడనైన నాకు శంక కలిగెను. అడుగుటకు ధైర్యము చాలలేదు. ఆ శంకకు సమాధానము చాలకాలమునకు, శాస్త్రగ్రంథమున గాక, ఆ లేపనమును సృజించిన మహనీయుని జీవితముననే లభించెను. ఆ సీసా అమృతాంజనము. ఆ మహనీయులు విశ్వదాత, దేశోద్ధారక, కళాప్రపూర్ణ కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు.

బాల్యము, విద్య

పంతులుగారు 1867 మే 1వ తేదీన కృష్ణాజిల్లా పామర్రు ప్రాంతమునందలి ఎలకుర్రు గ్రామమున జన్మించిరి. తల్లి శ్యామలాంబ, తండ్రి బుచ్చయ్యగారు. ప్రాథమిక విద్య స్వగ్రామమునను, పిదపటి విద్య మచిలీపట్టణమునను జరిగినవి. ఆ పిమ్మట మదరాసు చేరి, విలియం మిల్లరుగారు ప్రధానాచార్యులుగా నుండిన క్రైస్తవ కళాశాలలో చదివి 1891లో పట్టభద్రులైరి. కందుకూరి వీరేశలింగము పంతులుగారి వివేకవర్ధని పత్రికను చదివి ఆ వయసుననే ప్రభావితులైరి. పత్రిక యనునది జనుల బుద్ధిని మేల్కొలుపగలదను విశ్వాసము వారియందు అప్పుడు నాటుకొనినదే.

పంతులుగారు పుట్టిన నాటి పల్లెటూళ్లలో వైద్యమన్నచో ముందు ఇల్లాలి పోపులపెట్టెయే. జలుబు చేసినచో శొంఠి, మిరియాలు, తులసి వేసిన కషాయము. కడుపునొప్పికి వాము, ఇంగువ. దెబ్బ తగిలినచో పసుపు. చంటిబిడ్డకు అరగదీసిన వసకొమ్ము. శొంఠిలేని కషాయము లేదను సామెత ఊరకే పుట్టలేదు. ఈ మందులకు వెల లేదు. పొరుగింటికి వచ్చి అడిగినచో కాదనువారు లేరు. ఇంటివైద్యమునకు లొంగని వ్యాధి వచ్చినచో ఊరి వైద్యుడు వచ్చి నాడి చూచి, గుళిక యిచ్చి, పథ్యము చెప్పిపోవును. ఆయనకు ఇచ్చునది పంటకాలమున కొలిచిన ధాన్యము, పండుగనాడు పంచెలచాపు. చరకుడు చెప్పిన భూతదయ గ్రామజీవనమున ఈ విధముగా చాలవరకు నిలిచియుండెను.

పేటెంటు మందుల కాలము

పందొమ్మిదవ శతాబ్ది చివరకు ఈ పద్ధతి మారజొచ్చెను. రైళ్లు వచ్చినవి. సరకు చేత పడిన పిదపనే తపాలా బంట్రోతునకు వెల చెల్లించు వి.పి.పి. పద్ధతి 1877లో మనదేశమున ప్రారంభమైనది. పత్రికలలోను, పంచాంగములలోను ప్రకటనలు హెచ్చినవి. ఎక్కడనో నగరమున సీసాలో నింపిన మందు మారుమూల పల్లెకు నడచి వచ్చుటకు దారి ఏర్పడెను. ఇట్టి మందులకు పేటెంటు మందులని పేరు.

ఈ పేరునందే ఒక చిత్రమున్నది. పేటెంటు అనగా ప్రభుత్వమిచ్చు హక్కుపత్రము. దానిని పొందగోరువారు వస్తువును తయారుచేయు విధమును బయటపెట్టవలసి యుండును. పేటెంటు మందులలో పెక్కింటికి అట్టి హక్కుపత్రమే లేదు. పేరును, ముద్రను మాత్రము తమవిగా చేసికొని, లోపల కలిపిన ద్రవ్యములను గుట్టుగా ఉంచెడివారు. రోగి కొనునది మందును కాదు, మాటను. ఒకే మాత్ర తలనొప్పి మొదలు క్షయ వరకు సమస్త రోగములను హరించునని ముద్రించుటకు ఆ దినములలో అడ్డులేదు.

పాశ్చాత్య దేశములలో గూడ ఇదియే స్థితి. అమెరికాలో 1906లో చట్టము వచ్చిన పిదపనే మద్యసారము, నల్లమందు మున్నగు హానికర ద్రవ్యములు కలిసియున్నచో ఆ సంగతిని సీసాపై వ్రాయవలసి వచ్చెను. ఇంగ్లండునందు 1909లో బ్రిటిషు వైద్యసంఘమువారు రహస్య ఔషధములను పరీక్షింపించి ఫలితములను గ్రంథముగా ప్రకటించిరి. అందు ప్రపంచప్రసిద్ధి గాంచిన బీచమ్ మాత్రల సంగతియు కలదు. ఒక షిల్లింగు ఒకటిన్నర పెన్నీకి అమ్ము ఏబదియారు మాత్రల పెట్టెలో ఉన్నవి ముసాంబరము, శొంఠి, సబ్బుపొడి యనియు, ఆ ద్రవ్యముల ఖరీదు అర్ధఫార్దింగు మాత్రమే యనియు తేలెను. అనగా మన ఇల్లాలు ఊరకే ఇచ్చు శొంఠికే అచ్చట అంత వెల! చరకుడు చెప్పిన ధూళిరాశికి ఇంతకంటె నిదర్శనమేమి కావలయును?

మన దేశమున మాత్రము ఈ మార్గమున నడచినవారందరు ఒకే తీరువారు కారు. మదరాసున వైద్యరత్న పండిత దీవి గోపాలాచార్యులవారు ఆయుర్వేద ఔషధశాలను నెలకొల్పి జీవామృతము మున్నగు మందులను దేశమంతటను ప్రచారమునకు తెచ్చిరి. శాస్త్రమును శిష్యులకు బోధించిరి. డాక్టరు కె. యన్. కేసరిగారు బాల్యమున మదరాసు చేరి, కష్టములకోర్చి వైద్యులై, స్త్రీల వ్యాధులకు లోధ్ర యను మందును చేసి, ఆ రాబడితో 1928లో గృహలక్ష్మి పత్రికను స్థాపించిరి. మలయాళదేశమున 1902లో పి. యస్. వారియరుగారు కోట్టక్కల్ ఆర్యవైద్యశాలను నెలకొల్పిరి. వీరందరికంటె ముందుగా ఈ త్రోవ త్రొక్కిన తెలుగువారు నాగేశ్వరరావు పంతులుగారు.

బొంబాయి ప్రస్థానము

పట్టభద్రుడైన బ్రాహ్మణ యువకునకు ఆ దినములలో సర్కారు కొలువో, న్యాయవాద వృత్తియో రాచబాట. పంతులుగారి మనస్సు వాణిజ్యముపై మరలెను. మదరాసునను, కలకత్తాయందును కొంతకాలము పనిచేసి, బొంబాయి చేరి విలియం అండ్ కంపెనీ యను వర్తక సంస్థలో ప్రవేశించిరి. తెలుగుమాట వినబడుటయే అరుదైన మహానగరమది. అచ్చట వర్తకమునందలి మెలకువలను గ్రహించి, 1893లో స్వంతముగా అమృతాంజనమును తయారుచేయ నారంభించిరి. అప్పటికి వారి వయస్సు ఇరువదియారు సంవత్సరములు.

ఈ పేరును గూర్చి ఒక్కమాట. అంజనమనగా పూయబడునది. కాటుక యను అర్థము లోకమున ప్రసిద్ధమైనను, ధాతువును బట్టి చూచినచో పూత యనియే అర్థము. అమృతతుల్యమైన పూత అమృతాంజనము. సంస్కృతము రానివారికిని సుబోధము, తెలుగు, మరాఠీ, గుజరాతీ, తమిళ భాషలవారందరికి నోరు తిరుగునది. ఒక మందునకు ఇంతకంటె తగిన నామకరణము దుర్లభము.

ఇక దాని గుణము. కర్పూరము, పుదీనాసత్తు, నీలగిరి తైలము మున్నగు ఘాటైన ద్రవ్యములు ఇట్టి లేపనములకు ప్రాణము. చర్మముపై పూసినప్పుడు అవి అచ్చటి నాడుల కొనలను ప్రేరేపించును. నిజముగా చర్మము చల్లబడకున్నను చల్లదనము తోచును. ఆ చల్లదనపు వార్తయు, మంట వార్తయు మెదడునకు చేరుచుండగా నొప్పి వార్త మరుగున పడును. ఆవిరి ముక్కున కెక్కుటచే మూసికొనిన శ్వాసమార్గము తెరచుకొనినట్లు హాయి కలుగును. ఇది వ్యాధిని సమూలముగా పెరికివేయు చికిత్స కాదు, బాధను ఉపశమింపజేయు ఉపచారము. ఈ భేదమును ఎరిగి వాడినచో ఇట్టి లేపనము గృహమునకు మిత్రము. గృహస్థులు ఈ సంగతిని గూడ గుర్తుంచుకొనవలయును: కర్పూరము కలిసిన లేపనమును పసిబిడ్డల ముక్కున పూయరాదు, తెరచిన పుండుపై రాయరాదు, కడుపులోనికి పోనీయరాదు. పూతమందు పూతకే.

తొలిదినములలో వ్యాపారము మందకొడిగా సాగెను. అమృతాంజనము వెల పది అణాలని ప్రసిద్ధి. రూపాయికి పదునారణాలు గదా! ఆనాటి కూలివానికి అది కొన్ని దినముల సంపాదన. కొనువారు వెనుదీయుటలో ఆశ్చర్యము లేదు. అప్పుడు పంతులుగారు సంగీతసభలకు అమృతాంజనమును కొనిపోయి, వచ్చినవారికి ఉచితముగా పంచిపెట్టజొచ్చిరి. రాత్రి పొద్దుపోవువరకు పాటకచ్చేరి విని తల బరువెక్కినవారికి నుదుట చల్లని పూత! మరునాడు వారే అంగడికి పోయి ఆ పేరు చెప్పి అడుగుట మొదలిడిరి. ఇది వర్తకనీతియే, కాదనలేము. కాని ఇందొక విశేషము గమనింపదగినది. మాటను ముందు అమ్మి మందును తరువాత ఇచ్చుట ఆనాటి పెక్కుమంది పద్ధతి. పంతులుగారు మందును ముందు ఇచ్చి, దాని గుణమునే మాటాడనిచ్చిరి. గుణము లేనిచో ఆ దానమే వారి వ్యాపారమును ముంచియుండెడిది.

అమృతాంజనము పుట్టిన మూడేండ్లకు, 1896లో, బొంబాయిలో ప్లేగు మహమ్మారి ప్రవేశించెను. జనులు వేలకొలది నగరమును విడిచి పారిపోయిరి. అట్టి సంకటమును దాటి వారి సంస్థ నిలిచెను. క్రమముగా అమృతాంజనము దేశమంతట వ్యాపించి, పంతులుగారికి పుష్కలముగా ధనమును గడించిపెట్టెను.

లేపనము నుండి పత్రిక

మామూలు వర్తకుని కథయైనచో ఇచ్చటితో ముగియవలయును. పంతులుగారి అసలు కథ ఇచ్చటనే ఆరంభమగుచున్నది.

1907 డిసెంబరులో సూరతు నగరమున కాంగ్రెసు మహాసభ జరిగి మితవాదులుగా, అతివాదులుగా చీలిపోయెను. దేశమున ఇంత జరుగుచుండగా తెలుగువారికి ఈ వార్తలను తమ భాషలో సక్రమముగా తెలుపు పత్రిక చాలినంత లేదను చింత పంతులుగారిని పీడించెను. వెంటనే పూనుకొని 1908 సెప్టెంబరులో బొంబాయి నుండియే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించిరి. తెలుగుదేశమునకు వందలకోసుల దూరమున, మరాఠీ గుజరాతీ భాషల నడుమ, తెలుగు అక్షరములు కూర్చి, అచ్చొత్తి, తపాలాలో పంపుట యెంత కష్టమో ఊహింపుడు. 1910 నుండి ఏటేట ఉగాదికి ప్రత్యేక సంచికలు వెలువడినవి. కవితలు, చరిత్రలు, శాస్త్రవిషయములు, చిత్రములతో నిండిన ఆ సంచికలను చాల గృహములలో గ్రంథములవలె భద్రపరచుకొనిరి.

1914లో పత్రికను మదరాసునకు తరలించి, ఏప్రిలు 1వ తేదీ నుండి దినపత్రికగా నడపిరి. అదే సంవత్సరము జూలై చివర ఐరోపా మహాయుద్ధము ప్రారంభమాయెను. దూరదేశములలో జరుగు సంగతులను తెలుగుపల్లెల రచ్చబండ కడ ఒకరు చదువగా పదిమంది వినుట ఆ పత్రికతో అలవాటైనది. పత్రికానిర్వహణము లాభములు తెచ్చు పని కాదు, పైగా సర్కారు ఆగ్రహమునకు గురియగు పని. ఆ లోటును పూడ్చినది అమృతాంజనము రాబడియే. తలనొప్పికి పూతగా పల్లెకు పోయిన సీసా వెల, వార్తయై, విద్యయై అదే పల్లెకు తిరిగివచ్చినది.

1924లో భారతి యను సాహిత్య మాసపత్రికను స్థాపించిరి. తెలుగున పరిశోధనకును, కవిత్వమునకును, విమర్శకును దశాబ్దములపాటు ఆ పత్రిక ఆలవాలమై యుండెను. అందు తన రచన అచ్చగుట ప్రతి పండితునకు ఒక గౌరవము. 1926లో ఆంధ్ర గ్రంథమాలను ప్రారంభించి, పాల్కురికి సోమనాథుని బసవపురాణము మొదలుగా ప్రాచీన గ్రంథములను, నూతన గ్రంథములను సామాన్యునకు అందు వెలకు ప్రకటించిరి. తాళపత్రములలో మ్రగ్గి చెదలపాలు కానున్న వాఙ్మయమునకు ఇది నిజముగా అమృతప్రాశనమే. తామును ఆంధ్ర వాఙ్మయ చరిత్రమును రచించిరి. తెలుగు గ్రంథముల పట్టికయగు ఆంధ్ర వాఙ్మయ సూచికను సమకూర్చిరి. గ్రంథాలయోద్యమమునకు అండగా నిలిచిరి.

కారాగారమున గీతావ్యాఖ్య

పంతులుగారు మహాత్మాగాంధీ మార్గమున నడచిరి. ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు అధ్యక్షులై ఖద్దరు ప్రచారమునకు, జాతీయ విద్యకు ధనము వెచ్చించిరి. 1930లో ఉప్పు సత్యాగ్రహము వచ్చినప్పుడు మదరాసు తీరమున టంగుటూరి ప్రకాశము పంతులుగారితో పాటు ముందు నిలిచి కారాగారమునకు వెళ్లిరి. అప్పటికి వారికి అరువదిమూడేండ్లు. మైలాపూరులో విశాలమైన భవనము, వర్ధిల్లుచున్న వర్తకము, పెద్ద పత్రిక, వీటన్నింటిని విడిచి ఖైదీ అన్నము తినుటకు ఆ వయస్సున సిద్ధపడుట సామాన్యము కాదు. వృథాకాలక్షేపము ఎరుగని పంతులుగారు ఆ చెరసాలలోనే శ్రీమద్భగవద్గీతకు వ్యాఖ్యానము వ్రాసిరి.

ఈ ఘట్టము మనకు మిక్కిలి ముఖ్యము. భగవానుడు గీతయందు దానమును మూడు విధములుగా విభజించి చెప్పినాడు. తిరిగి ఏమియు ఆశింపక, ఇయ్యదగినదను బుద్ధితో, తగిన దేశమున, తగిన కాలమున, తగిన పాత్రునకు ఇచ్చునది సాత్త్విక దానము. ప్రత్యుపకారమును గాని, ఫలమును గాని కోరి నొచ్చుకొనుచు ఇచ్చునది రాజసము. అవజ్ఞతో ఇచ్చునది తామసము. జీవితమంతయు ధనము ఇచ్చుచు వచ్చిన ఒక వర్తకుడు, వృద్ధాప్యమున ఇనుపకటకటాల వెనుక కూర్చుండి ఈ విభాగమునకు వ్యాఖ్యానము వ్రాయుచున్నప్పుడు, తన దానములను ఆ త్రాసులో తూచుకొనకుండునా? అది వారి అంతరంగమునకే తెలియును. మనకు కనబడునది వారి చేష్ట. సంగీతసభలలో పంచిన సీసాలు వ్యాపారము కొరకు ఇచ్చినవి, వానిని రాజసమన్నను తప్పులేదు. కాని విద్యార్థులకు, కవులకు, పండితులకు, దేశసేవకులకు వారు ఇచ్చిన దానికి ప్రతిఫలము అడుగలేదు. తొలి యీవి నుండి తుది యీవి వరకు సాగిన ఈ ప్రయాణమే వారి జీవితము.

చివరి దినములు

1935లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారు పంతులుగారిని కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించిరి. దేశోద్ధారక, విశ్వదాత యనునవి జనుల నోట నెలకొనిన బిరుదములు. 1936లో అమృతాంజనము సంస్థ పరిమిత భాగస్వామ్య సంస్థగా రూపొందెను.

ఆంధ్రోద్యమమునకు పంతులుగారు మొదటినుండియు మూలస్తంభములలో నొకరు. కోస్తా నాయకులకును రాయలసీమ నాయకులకును నడుమ నున్న సంశయములు తొలగనిదే ఆంధ్రరాష్ట్రము సిద్ధింపదని అందరు ఎరుగుదురు. ఆ సంశయములను తీర్చు ఒడంబడిక 1937 నవంబరు 16వ తేదీన మదరాసులోని పంతులుగారి గృహము శ్రీబాగ్‌నందే జరిగెను. చరిత్రలో శ్రీబాగ్ ఒడంబడిక యని పేరుగాంచినది ఇదియే. భిన్నాభిప్రాయములు గలవారిని ఒక్క కప్పు క్రిందికి చేర్చగల ఆదరము ఆ గృహస్థునకు ఉండుటచే గదా అది సాధ్యమైనది! ఆ ఒడంబడిక జరిగిన అయిదు నెలలకు, 1938 ఏప్రిలు 11వ తేదీన, పంతులుగారు పరమపదించిరి. 1953లో ఏర్పడిన ఆంధ్రరాష్ట్రమును చూచు భాగ్యము వారికి లేకపోయెను.

వారి పిదప అల్లుడుగారైన శివలెంక శంభుప్రసాదుగారు పత్రికలను, సంస్థను నడపిరి. ఆంధ్రపత్రికయు, భారతియు నేడు లేవు. అమృతాంజనము నేటికిని అంగళ్లలో దొరకుచున్నది. మైలాపూరులో పంతులుగారి పేర ఒక ఉద్యానవనము కలదు. కపాలీశ్వరస్వామినో, తిరువల్లిక్కేణి పార్థసారథిస్వామినో సేవింప మదరాసునకు పోయిన తెలుగు యాత్రికులు ఆ ఉద్యానవనమున ఒక్క ఘడియ కూర్చుండి రావచ్చును.

ఇక మందుల సంగతి. చోప్రాగారి అధ్యక్షతన 1930–31లో పనిచేసిన విచారణసంఘము మనదేశపు మందుల స్థితిని పరిశీలించెను. 1940లో ఔషధముల చట్టము వచ్చెను. మహత్తు గల మందులని మోసపు ప్రకటనలు చేయుటను నిషేధించుచు 1954లో మరియొక చట్టము వచ్చెను. 1964లో ఆయుర్వేద ఔషధములును చట్టపరిధిలోనికి తేబడినవి. అయినను సర్వరోగనివారిణుల ప్రకటనలు పూర్తిగా అంతరింపలేదు. రూపము మాత్రము మారినది. కావున చట్టము ఎంత యున్నను వివేకము గృహస్థునకే ఉండవలయును.

సందేహ నివృత్తి

ఇప్పుడు నా బాల్యపు శంకను మరల ఎత్తికొందును. మందు అమ్మినవాడు ధూళిని సేవించినవాడేనా?

చరకాచార్యుని మాట సత్యము, దానిని సడలించుటకు మనమెవరము? రోగి భయమును చూచి, లేని గుణమును చెప్పి, అర్ధఫార్దింగు ద్రవ్యమును షిల్లింగునకు అమ్మినవాడు కోట్లు గడించినను కొలిచినది ధూళియే. అయితే ఆ వాక్యమునందలి నింద చికిత్సను సరకుగా చేసి బ్రతుకువానిపై గాని, ఔషధమునకు వెల పుచ్చుకొనిన ప్రతివానిపై గాదని నా బుద్ధికి తోచుచున్నది. మూలికలు తెచ్చినవానికి కూలి ఇయ్యవలయును, సీసాకు వెల పెట్టవలయును. విచారింపవలసినవి రెండు. మందు తాను చేయగలదానికంటె ఎక్కువ చేయుదునని చెప్పెనా? వచ్చిన ధనము ఎచ్చటికి పోయెను?

ఈ రెండు ప్రశ్నలను పంతులుగారి జీవితమునకు పెట్టి చూడుడు. మొదటిదానికి లేపనమే సమాధానము. నూరేండ్లకు పైగా ఇండ్లలో తలనొప్పికి, పడిసెమునకు, ఒడలి నొప్పులకు వాడినవారి అనుభవమున అది నిలిచినది. రెండవదానికి సమాధానము పత్రికలు, గ్రంథములు, చదువుకొనిన పిల్లలు, ఉద్యమములు. పది అణాలు ఇచ్చిన కూలివాని శ్రమ వ్యర్థము కాలేదు, అతని మనుమల చదువునకు అది తోడైనది. ధూళిరాశియే అయినను, సత్పాత్రమున చల్లినచో దానియందు పైరు పండును. ఆ పంటయే బంగారురాశి.

పంతులుగారిది స్మార్త కుటుంబము, శైవనామము. వైష్ణవ గృహముల పత్రికలో వారి కథ యేల యని ఎవరైన అడుగవచ్చును. పరుల బాధను తన బాధగా తలచువాడు ఏ కులమువాడైనను, ఏ నామమువాడైనను భాగవతుడే యని మన ఆచార్యుల ఉపదేశసారము. బాధను చూచి జాలి కలుగుట సులభము. ఆ జాలిని సంపాదనగాను, ఆ సంపాదనను మరల జాలిగాను మార్చుట కష్టము. గృహస్థధర్మమంతయు ఇందులోనే యున్నది. మనమును ఏదో ఒక వృత్తిలో ఏదో ఒకటి అమ్ముకొనియే జీవించుచున్నాము. అమ్మునది విద్యయో, ధాన్యమో, శ్రమయో కావచ్చును. ఆ రెండు ప్రశ్నలు మనకును వర్తించును.

మా పాఠశాలలోని పెద్దమ్మగారు ఆ సీసా అడుగున మిగిలినదానిని గూడ వేడినీటిలో కలిపి, జలుబు చేసిన పిల్లలకు ఆవిరి పట్టించెడివారు. ఒక్క చుక్కను వ్యర్థము కానిచ్చెడివారు కారు. ఆ పసుపువన్నె సీసా మీ గూటిలో ఉన్నచో, మరల మూత తీయునాడు దానిని సృజించినవారిని ఒక్కసారి తలచుకొనుడు. భేషజమును, భిషక్కును తానేయైన శ్రీనివాసుడు మనచేతి సంపాదనను పరుల బాధకు లేపనముగా చేయించుగాక.